క్రాసింగ్ నెలల్లో ఖాళీ అయ్యే బెంచీలు

గద్వాల దగ్గరి ఒక ఊరి ఉన్నత పాఠశాలలో నేను గణితం చెబుతున్నాను. జూన్‌లో నిండుగా కనిపించే తొమ్మిదో తరగతి హాజరు పట్టీ ఆగస్టు సగం దాటేసరికి పలచబడుతుంది. పిల్లలు బడి మానేసినట్టు ఎక్కడా నమోదు కాదు, పేర్లన్నీ అలాగే ఉంటాయి. వాళ్లు మాత్రం సీడ్ పత్తి, అంటే సంకర విత్తనం కోసం పండించే పత్తి చేలల్లో ఉంటారు.

అక్కడ చేసేది క్రాసింగ్, అంటే ఆడ మొక్క పూలకు మగ మొక్క పుప్పొడిని చేత్తో అంటించడం. ఆ పని చూడనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పూట ఎంచి, రేకులను, పుప్పొడి తిత్తులను గోటితో వలిచేసి, లోపల పుప్పొడి అందుకొనే కొనకు, అంటే కీలాగ్రానికి దెబ్బ తగలకుండా వదిలి, గుర్తుగా ఎర్ర కాగితపు ముక్క తగిలిస్తారు. తెల్లవారాక మగ మొక్కల పూలు కోసుకొచ్చి, ఎండ ముదరకముందే ఆ కీలాగ్రాలపై రుద్దుతారు. ఇది ఒక రోజుతో పోయే పని కాదు. చెట్టు పూసినన్నాళ్లూ ప్రతి సాయంత్రం, ప్రతి ఉదయం ఉంటుంది. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి కాబట్టి వాళ్లకే బాగా వస్తుందని ఊళ్లో అంటారు. పెద్దల వేళ్లకు రాని పని కాదిది. పిల్లలకు ఇచ్చే కూలి తక్కువ, అంతే.

నిరుడు ఒక అమ్మాయి ఇంటికి వెళితే వాళ్లమ్మ, "సారూ, రెండు నెలలే గదా, దీపావళి పోయినంక నేనే తోల్తా" అన్నది. మాట తప్పలేదు, నవంబరులో పంపింది. అయితే ఆ పిల్ల వెళ్లేటప్పుడు మేం బహుపదుల్లో ఉన్నాం, వచ్చేసరికి రేఖీయ సమీకరణాల్లో ఉన్నాం. లెక్క అర్థం కాలేదని అడగడానికి కూడా ఏది అర్థం కాలేదో తెలియాలి కదా.

2010 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చింది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధిస్తూనే, బడి వేళల తరువాత, సెలవుల్లో కుటుంబం పనికి సాయపడవచ్చని ఒక వెసులుబాటు వదిలింది. మా దగ్గర చాలా చేలు చిన్నవి, సొంతవి. పిల్ల ఎవరి చేనులో ఉన్నదని అడిగితే "మా చేన్లనే" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం దగ్గర ఆగి, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అట్టడుగున నిలవడానికి వలసలతో పాటు ఈ నెలలకూ పాత్ర ఉన్నదని నా అభిప్రాయం.

ఉపాధి గురించి మాట్లాడేవారు సాధారణంగా శిక్షణ కేంద్రాలతో మొదలుపెడతారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడుకు పదో తరగతి పాసై ఉండాలి. వెల్డరు, ప్లంబరు వంటి వాటికి ఎనిమిది చాలు. నా దృష్టిలో ఎలక్ట్రీషియన్ సీటు పోయేది పద్దెనిమిదో ఏట కాదు, తొమ్మిదో తరగతి సెప్టెంబరులో. పది తప్పినవారికి సార్వత్రిక విద్యాపీఠం ద్వారా మళ్లీ రాసే దారి ఉన్నది, బడి మానిన ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలున్నాయి. రెండూ మంచివే, కాకపోతే రెండూ పిల్ల చేజారాక పట్టుకొనేవి.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా చేలో పని తెరపి ఇస్తుంది కాబట్టి ఆ వేళలో అక్కడే పాఠం చెబుదామా అని ఒకప్పుడు ఆలోచించాను. తరువాత మానుకున్నాను. చేను గట్టు మీద బడి పెడితే పనికి నేనే అనుమతి ఇచ్చినట్టవుతుంది. పైగా పొద్దుటి నుంచి ఎండలో నిలబడ్డ పిల్ల తలలోకి సమీకరణం ఎక్కదు. పొలాల్లో పురుగు మందు కొట్టిన రోజుల సంగతి వేరే చెప్పాలి.

నిరుడు మేం ఇళ్లకు వెళ్లింది ఆగస్టులో. అప్పటికే క్రాసింగ్ పనికి ముందుగా ఇచ్చే అడ్వాన్సు ఇంటివాళ్లు తీసుకోవడం, అది ఖర్చయిపోవడం రెండూ అయిపోయాయి. అందుకే ఈసారి పాత హాజరు పట్టీల్లోంచి ఆగస్టు, అక్టోబరు మధ్య పదిహేను రోజులకు మించి రానివారి పేర్లు విడిగా రాసుకొని, అడ్వాన్సుల బేరాలు మొదలుకాకముందే, ఏప్రిల్‌లోనే తిరుగుతున్నాం. మొదటి రోజు నాలుగు ఇళ్లు తిరిగితే రెండు ఇళ్లకు తాళం వేసి ఉంది.