హార్డ్ డిస్క్ మొత్తాన్నీ దించి మళ్లీ ఎక్కించాను: నా అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది డీటీపీ షాపు. తెలుగు శుభలేఖలకి అను, ఒడియా పనులకి ఆకృతి అనే సాఫ్ట్‌వేర్లు, రెండూ నాన్నగారి కాలం నాటి ఒకే విండోస్ 7 కంప్యూటర్‌లో ఉన్నాయి. పోయిన నెల దాని హార్డ్ డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. డిస్క్ ఎలా ఉందో చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టి చూస్తే పసుపు రంగులో 'కాషన్', అంటే జాగ్రత్త, అని వచ్చింది.

శుభలేఖల ఫైళ్లు ముందే వేరే డిస్క్‌లోకి కాపీ చేసేశాను. కానీ అవొక్కటే ఉంటే చాలదు, ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ల సీడీలు ఎప్పుడో పోయాయి, ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు మళ్లీ కూర్చుకోవాలంటే వారం పడుతుంది, అదీ పెళ్లిళ్ల సీజన్‌లో. అందుకే డిస్క్ మొత్తం ఇమేజ్, అంటే విండోస్‌తో సహా అన్నీ ఉన్నవున్నట్టు కాపీ, తీయాలనుకున్నాను.

ఇమేజ్ తీసే క్లోన్‌జిల్లా ఉచితం. బూట్ అయ్యే పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్‌తో దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతోనే కంప్యూటర్ బూట్ చేశాను. డిస్క్‌లో నిజంగా వాడిన భాగాన్నే తీస్తుంది కాబట్టి 500 జీబీ డిస్క్‌కి ఇమేజ్ 110 జీబీ లోపే వచ్చింది. మొదటిసారి మాత్రం సగంలో ఆగిపోయింది, బ్యాడ్ సెక్టార్, అంటే డిస్క్‌లో చదవలేనంతగా పాడైన చోటు. విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ నడపమని కొందరు చెప్పారు గానీ, కొన ఊపిరితో ఉన్న డిస్క్‌ని రాత్రంతా చదివించడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎక్స్‌పర్ట్ మోడ్‌లో 'రెస్క్యూ' ఆప్షన్ పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. చదవలేని చోట్లు వదిలేసి ముందుకు పోతుంది, ఆ చోట ఉన్న ఫైలు పాడవ్వొచ్చు, అది తెలిసే చేశాను. మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కాసేపే ఆగుతుంది, ఆ మూడు గంటలూ కుర్చీలోంచి లేవలేదు. మొదలయ్యే ముందే, ఇమేజ్ తీశాక దాన్ని చెక్ చేయమంటావా అని అడిగితే 'ఎస్' అన్నాను, దయచేసి మీరు కూడా అది దాటెయ్యకండి.

కొత్తగా 480 జీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నాను, అదే తప్పు. పాత డిస్క్ కంటే చిన్నదైతే క్లోన్‌జిల్లా మామూలుగా ఒప్పుకోదు. షాపువాడు వెనక్కి తీసుకోనన్నాడు, పైన డబ్బులు కట్టాక 1 టీబీది ఇచ్చాడు.

రిస్టోర్‌కి, అంటే ఇమేజ్‌ని కొత్త డిస్క్‌లోకి ఎక్కించడానికి, ముందు పాత డిస్క్ కేబుల్ పీకేశాను. క్లోన్‌జిల్లా డిస్క్‌లకి ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లు చూపిస్తుంది, ఒక్క అక్షరం తేడాతో ఇమేజ్ ఉన్న డిస్క్ మీదే రాసేయొచ్చు. పక్కనున్న సైజు, మోడల్ నంబరు కాగితం మీద రాసుకుని సరిచూసుకున్నాను. రెండుసార్లు 'వై' నొక్కమంటుంది, రెండోసారి వేలు కీ మీద పెట్టి చాలాసేపు ఆగాను.

"ఏటైందిరా, వచ్చిందా?" అని నాన్నగారు వెనకాలే నిలబడ్డారు.

విండోస్ తెరుచుకుంది. మిగిలిన ఖాళీని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డీ డ్రైవ్‌కి కలిపాను. పేజ్‌మేకర్‌లో పాతపట్నం వాళ్ల శుభలేఖ తెరిచాను, 'లక్ష్మి'లో వత్తు చెదరకుండా ఎక్కడిదక్కడే ఉంది. సాయంత్రానికి ప్రింటు తీసి ఇచ్చేశాం.