ఆ బ్యాటరీ సంగతి

ఇవాళ సాయంత్రం మళ్ళీ అదే కథ. ఆడపడుచు వియ్యాలవారు వచ్చారు. కాఫీలు ఇచ్చి ఇలా కూర్చున్నానో లేదో ఈయన అందుకున్నారు. "శివరాత్రికి నల్లమలలో నడిచి శ్రీశైలం పోయాం బావగారూ, తిరిగొచ్చేసరికి కారు చచ్చి కూర్చుంది!" ఇక నడకదారిలో వచ్చే నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాస ద్వారం అన్నీ వరసగా వచ్చేశాయి. ఎక్కడ ఆగుతారో, ఎక్కడ నవ్వుతారో నాకు కంఠతా వచ్చు. కథ మీద నాకేం కోపం లేదు. చివర్లో ఒక మాట అంటారే, "నాలుగైదు రోజులు అడవి పక్కన వదిలేస్తే ఏ కారైనా అంతే" అని, అది విన్నప్పట్నుంచి ఒళ్ళు మండుతోంది. అందరూ పడుకున్నారు, నాకు నిద్ర రావట్లేదు.

ఏ కారైనా అంతే ఎట్లా అవుతుంది?

ఊరికే నిలబెట్టినంత మాత్రాన మంచి బ్యాటరీ నాలుగు రోజుల్లో చావదు. ఏదో ఒకటి దాన్ని తాగుతుండాలి. ఇప్పటి కార్లలో తాళం వేశాక కూడా అలారం, రిమోట్ నొక్కుతామేమో అని కాచుకుని ఉండే రిసీవరు, లోపలి కంప్యూటరు కొంచెం కొంచెం లాగుతూనే ఉంటాయి. అన్నీ కలిపి 50 మిల్లీ ఆంపియర్లు దాటకపోతే మంచిదని మా మరిది చెప్పాడు. అంటే ఇరవై నాలుగు గంటలకి లెక్కేస్తే రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో ఎంత కరెంటు నిలవుందో కొలిచే లెక్క అది). మాది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. ఐదు రోజులకి ఆరు పోతుంది, అంతే. సెల్ఫ్ కొట్టగానే అందుకోవాల్సిందే.

మరి తాగిందెవరు? పెద్దోడు పట్టుబట్టి పెట్టించిన డాష్ కెమెరా. పార్కింగులో కూడా రికార్డు చేస్తుందని వాడికి మోజు. బిగించిన షాపు కుర్రాడు దాని వైరు తీసుకెళ్ళి ఎప్పుడూ కరెంటుండే లైనుకి కలిపేశాడు. బ్యాటరీ వోల్టేజీ తగ్గగానే కెమెరాని ఆపేసే చిన్న డబ్బా ఒకటి మధ్యలో పెట్టాలి. అదేదని అడిగితే "ఏం కాదు మేడం, అందరికీ ఇట్లాగే వేస్తాం" అన్నాడు. మొన్న మరిది మీటరు పెట్టి చూస్తే కెమెరా ఒక్కటే 250 మిల్లీ ఆంపియర్లు. రోజుకి ఆరు, ఐదు రోజులకి ముప్ఫై. కారు తిన్న ఆరూ దీనికి కలిపితే ఎంతో చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. మా ఇంట్లో ఇంజినీర్లకి మాత్రం "అడవి" కనబడుతుంది. ఇంతా చేసి ఆ కెమెరా, నడక మొదలయ్యేచోట కారు వదిలిన వెంకటాపురంలో, వేపచెట్టు కింద రాత్రింబవళ్ళు కాపలా కాసి పట్టుకున్న దొంగలు మేకలు.

ఆ వచ్చినాయన జంప్ స్టార్టర్, అదే చచ్చిన కారుని లేపే చిన్న చేతి బ్యాటరీ, కొనుక్కోమని సలహా ఇచ్చారు. ఆయన లేచేలోపే పెద్దోడు ఫోన్లో ఒకటి కార్టులో పెట్టేశాడు. దానికి తోడు సోలార్ ప్యానెల్ అట. చెట్టు నీడ వెతుక్కుని కారు పెట్టే మనిషికి సోలార్ ప్యానెల్! పైగా మా కారులో సిగరెట్ లైటర్ సాకెట్ తాళం తీసేస్తే ఆగిపోతుంది. దానికి గుచ్చితే బ్యాటరీకి చేరేది సున్నా.

వీళ్ళందరి కంటే మా నాయన నయం. ఆయనకి జీపుండేది. వైశాఖంలో పెంచలకోన బ్రహ్మోత్సవాలకి ఇంటిల్లిపాదీ అందులోనే పోయేవాళ్ళం. చింతచెట్టు కింద జీపు ఆపి సామాన్లు దించగానే నాయన బానెట్ ఎత్తేవాడు. మైనస్ టెర్మినల్ ఊడదీసి, దానికి గుడ్డపేలిక చుట్టి, పక్కకి వంచి కట్టేవాడు. స్పానరు చొక్కా జేబులోకి. తెల్ల చొక్కాకి గ్రీజు అంటిందని అమ్మ ఇల్లు చేరేదాకా సణుగుతూనే ఉండేది. ఒక ఏడు మా మామ "నేను తీస్తా ఉండు బావా" అని ముందుకురికి ప్లస్ మీద స్పానరు పెట్టాడు. దాని రెండో కొస పోయి పక్కన ఇనుముకి తగిలింది. ఠప్పుమని నిప్పురవ్వలు! మామ స్పానరు అక్కడే పారేసి చెట్టు మొదట్లో తేలాడు. గుడికి పోయే జనం ఆగి చూశారు. "సామి నిన్ను హెచ్చరించాడు రా, ఈ ఏడన్నా తలనీలాలు ఇచ్చెయ్" అంది అమ్మమ్మ. నాయన మాత్రం తిట్టలేదు. స్పానరు చల్లారాక తీసి మా చేతికిచ్చాడు. కొస అంచున ఎలుక కొరికినట్టు చిన్న గాటు, చుట్టూ నీలం మచ్చ. వేలితో తడిమితే గరుగ్గా తగిలింది. "తీసేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ ఆఖర. మైనస్ తీసేశాక ప్లస్‌ని ముట్టుకున్నా ఏం కాదు" అన్నాడు. మామకి గుండు కొట్టించే పంపారు ఆ ఏడు.

కాబట్టి నా తీర్పు ఏందంటే, పది నెంబరు స్పానరు ఒకటి డాష్‌బోర్డులో పడేసుకుని, అడవికి పోయేముందు మైనస్ ఊడదీసి పోతే సరి. గొడవ లేదు, ఖర్చు లేదు.

అని రాసి, మంచినీళ్ళు తాగొచ్చి కూర్చుంటే, అంత తేలిక కాదేమో అనిపిస్తోంది. నాయన జీపులో కంప్యూటరెక్కడిది, అలారమెక్కడిది? ఆయన భయమల్లా పాత వైర్లు ఒరుసుకుని షార్ట్ అవుతుందని, ఎవరన్నా తోలుకుపోతారని. మా కారుకి టెర్మినల్ తీస్తే రిమోట్ పనిచేయదు. మిగతా తలుపులు లోపల్నుంచి నొక్కి, బానెట్ వేసి, డ్రైవరు తలుపు తాళంచెవితో వేసుకోవాలి. చీకట్లో నడక మొదలుపెట్టే హడావిడిలో ఈయన ఇవన్నీ చేస్తారా? కాళ్ళు బొబ్బలెక్కి దోర్నాల మీదుగా బస్సులో తిరిగొచ్చాక బానెట్ ఎత్తి స్పానరు పడతారా? నాలుగైదు రోజులకైతే కెమెరా ప్లగ్గు పీకేస్తే చాలు. అంతకంటే ఏం అక్కర్లేదు.

కానీ జూన్‌లో హిమాలయాలంటున్నారు. కారు చెన్నైలో మా చెల్లెలి ఇంటి ముందు రెండు వారాలు. కెమెరా లేకపోయినా పదిహేను రోజులకి పద్దెనిమిది ఆంపియర్ అవర్లు, అంటే సగం బ్యాటరీ. అదీ కొత్తదైతే. మాది మన నెల్లూరు రోహిణి కార్తెలు చాలానే చూసింది. లెడ్ బ్యాటరీకి ఎండే పెద్ద శత్రువు. పైగా ఒకసారి పూర్తిగా దిగిపోయిందంటే మునుపటి బలం మళ్ళీ రాదు. పొద్దున కారు తీయకముందు మరిది చూస్తే 12.2 వోల్టులు. నిండుగా ఉంటే 12.6 ఉండాలట. అందుకని ఆ ట్రిప్పుకి మైనస్ ఊడదీయాల్సిందే. చెల్లెలు "నేను రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతాలేక్కా" అంటోంది. నిలబెట్టి ఐదు నిమిషాలు ఆన్ చేస్తే బ్యాటరీ పెద్దగా నిండదు. చేస్తే వారానికోసారి అరగంట రోడ్డు మీద తిప్పాలి, దానికి డ్రైవింగే రాదు. జంప్ స్టార్టర్ కొన్నా ఆ ఎండలో మూసిన కారులో పెట్టడానికి లేదు, లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది. దాన్నీ చెల్లెలింట్లోనే దాచాలి.

ఒక్కటి ఒప్పుకోవాలి. శివమాల వేసుకున్నవాళ్ళు పదిమంది చేరి "హరహర మహాదేవ" అంటూ తోస్తుంటే ఈయన సెకండ్ గేరులో క్లచ్ వదిలారట, బండి అందుకుంది. డాష్‌బోర్డులో లైట్లు గుడ్డిగానైనా వెలుగుతున్నాయి కాబట్టి సరిపోయింది. అదీ లేకపోతే శ్రీశైలం దాకా తోసినా పెట్రోలు పంపు తిరగదు. ఆ సీను మాత్రం ఎన్నిసార్లు విన్నా నవ్వొస్తుంది.

రేపు పాత బ్యాటరీకి లోడ్ టెస్ట్, అంటే బరువు మీద పెట్టి సత్తా ఎంతుందో చూసే పరీక్ష, చేయించాలి, కెమెరాకి ఆ డబ్బా పెట్టించాలి, వేరే షాపులో. ఈ మాటలన్నీ నేను చెబితే ఈయన వినరు. మరిదితో చెప్పిస్తాను. వాడు చెబితే మహా శ్రద్ధగా వింటారు.