డెక్సా రాత్రుళ్ళు

పదకొండున్నర దాటింది. నిద్ర పట్టక మళ్ళీ ఇక్కడికొచ్చి కూర్చున్నా. పెద్దాడు పొద్దున ఫోన్లో ఒక మాట అన్నాడు, అది ఇంకా గొంతులో ముల్లులా ఉంది. దానికి ముందు ఇంకో గొడవుంది, అదీ చెప్పాలి.

నవంబరు కదా, నేను బతికున్నానని సర్కారుకి చెప్పుకునే నెల. బ్యాంకులో లైను తప్పింది, ఇప్పుడంతా ఫోన్లోనే. కింద పోర్షన్ అమ్మాయి ఫోను పట్టుకుంది, నేను కిటికీ ముందు పీట వేసుకుని కూర్చున్నా. వెలుతురు చాలదంది ఒకసారి. కళ్ళు ఆర్పమంది. ఆర్పాను. మళ్ళీ ఆర్పమంది. "ఆంటీ, మీరు మరీ బిగించి మూస్తున్నారు, ఊరికే టక్కున ఆర్పండి" అంటుంది ఆ పిల్ల. అరవై ఏళ్ళుగా ఎవరూ చెప్పకుండా ఆర్పుతున్న కళ్ళు, ఆర్పమనేసరికి ఎలాగో మర్చిపోయా. కళ్ళజోడు తీసేశాక మూడోసారికి గానీ నేను బతికున్నట్టు ఒప్పుకోలేదు.

అంతకుముందే ఆ ప్రశ్న. మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా, అవునా కాదా? ఆ పిల్ల పైకి చదివేసి నాలిక కరుచుకుంది. ఏటా అడుగుతారు, ఏటా నాకు ఒళ్ళు మండుతుంది. ఫ్యామిలీ పెన్షను కాబట్టి అడగాలి, రూలు, కాదనను. కానీ గ్యాసు బండ వచ్చిందా అన్నట్టు ఒక గడి పెట్టి టిక్కు కొట్టమనడమేమిటి? పోయినేడు మా వదిన "ఓసారి అవునని నొక్కి చూడవే, ఏమవుతుందో" అంది. ఆవిడకన్నీ సరదాలే. ఏమవుతుంది, పెన్షను ఆగుతుంది.

సరే. పీపీవో (పెన్షను ఆర్డరు) కాగితం కోసం పోయిన మా ఆయన రేకుపెట్టె తీశా. నెంబరు నాకు నోటికొచ్చు, అయినా కాగితం చూస్తే గానీ నమ్మను. ఆయన జబ్బే నాకూ అంటింది. కాగితాల అడుగున డెక్సా స్ట్రిప్పు దొరికింది, ఆయన వేసుకున్న స్టెరాయిడు మాత్రలు. 4 మిల్లీగ్రాములవి. నాలుగు గుంటలు ఖాళీ, ఆరు మాత్రలు అలాగే ఉన్నాయి.

గురువారాలు ఆయనకి పొట్టమీద బోర్టెజోమిబ్ అనే క్యాన్సరు మందు ఇంజెక్షను. ఆ పొద్దున టిఫిను కాగానే ఈ మాత్రలు పది, ఒకేసారి. 40 మిల్లీగ్రాములు. అరచేతిలో పోసుకుని రెండుసార్లు లెక్కపెట్టి, వేయించిన శనగలు వేసుకున్నట్టు నోట్లో వేసుకునేవారు. ఆయనకొచ్చింది మైలోమా, ఎముకల మూలుగలో పుట్టే క్యాన్సరు. 2017లో రిటైరైన నాలుగు నెలలకి నడుంనొప్పి మొదలైతే, గూడ్సు రైలు చివర బ్రేక్ వ్యానులో కుదుపులు తిన్న నడుమే కదా అని తైలాలు రాస్తూ కూర్చున్నాం. రక్తం పడిపోయి, కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ పెరిగాక గానీ అది మూలుగలో పుట్టిన జబ్బని తెలియలేదు. అది తలుచుకుంటే నామీద నాకే కోపం. ఇవాళ వద్దు.

ఆయన మాట్లాడే మనిషి కాదు. గూడ్సు గార్డు. రైలుకి చివర డబ్బాలో ఒక్కడే, లైటుండదు, బాత్రూముండదు. ఉలవపాడు ఔటర్ సిగ్నలు దగ్గర మూడు గంటలు ఆపేస్తే కీచురాళ్ళు తప్ప తోడుండదు. ఇంటికొచ్చినా అదే డబ్బాలో ఉన్నట్టుండేవారు. "అన్నం పెట్టు." "నీళ్ళు కాచు." ముప్ఫై ఏళ్ళ కాపురం ఈ రెండు మాటలతో గడిచిపోయింది. (2022లో గార్డు పేరు మార్చి ట్రైన్ మేనేజర్ అన్నారు. ఆయన ఉంటే ఒక్క "ఊఁ" అని ఊరుకునేవారు. అదే డెక్సా రోజైతే గంట ఉపన్యాసం.)

డెక్సా పడితే రాత్రి నిద్రుండదని డాక్టరు ముందే చెప్పారు. మాటలు వస్తాయని చెప్పలేదు. రెండింటికి లేచేవారు. పప్పుల డబ్బాలకి చీటీలు రాసి అంటించేవారు, కందిపప్పు కనబడుతూనే ఉన్నా సరే కందిపప్పు అని. ఇంజెక్షన్లతో అరికాళ్ళు మొద్దుబారి, కాలి చెప్పు ఎక్కడో జారిపోయినా తెలిసేది కాదు. ఒక చెప్పుతోనే ఇల్లంతా తిరిగి, చివరికి నా మంచం పక్కకొచ్చి, "ఇదిగో, లే. నీకొకటి చెప్పాలి."

అలా ఒక రాత్రి చెప్పిందే ఇది. పెద్దాడు పుట్టింది 1990లో, మే తుపాను వచ్చిన నెలకి. అమ్మగారింట్లో, తెనాలిలో ఉన్నా. ఆగిపోయిన సరుకంతా కదిలించాలని అప్పుడు ఎవరికీ సెలవుల్లేవు. ఈయన మూడోరోజుకి వచ్చారు. వచ్చి ఉయ్యాల్లోకి తొంగి చూసి "బాగున్నాడు" అన్నారు, అంతే. ఆ మూడు రోజులు నేను ఇరవై ఏడేళ్ళు మోశాను. ఏ గొడవ మొదలైనా చివరికి అక్కడికే తీసుకొచ్చేదాన్ని.

ఆ రాత్రి చెప్పారు. కొడుకు పుట్టాడని డ్యూటీ ఎక్కబోతుంటే కబురొచ్చిందట. బండి తెనాలిలో ఆగదు. తుపానుకి మా పెరట్లో మునగచెట్టు, అరటిచెట్లు పడిపోయి ఇంటి వెనక గోడ పట్టాల మీదికి తేటగా కనబడేదట. బ్రేక్ వ్యాను వరండాలో నించుని, మా ఇల్లు దాటేదాకా ఆకుపచ్చ లాంతరు ఊపుతూనే ఉన్నారట. "నువ్వు చూస్తావనుకున్నా" అన్నారు. అని, మజ్జిగ అడిగారు. తెల్లారుజామున మూడింటికి ఇద్దరం మజ్జిగ తాగుతూ కూర్చున్నాం. నా పెళ్ళయ్యాక అంత సుఖంగా కూర్చున్న రాత్రి ఇంకోటి గుర్తు రాదు.

ఆయన లాంతరు ఊపిన రాత్రి నేను ఆ ఇంట్లో లేను. నర్సింగ్ హోంలో ఉన్నా. అది ఆయనకి చెప్పలేదు.

పొద్దున స్ట్రిప్పు దొరికిన సంగతి పెద్దాడికి చెప్పి, "ఆ రాత్రుళ్ళు మీ నాన్న ఎన్ని కబుర్లు చెప్పేవారో" అన్నానా, వాడు తాపీగా "నాన్న అప్పుడు మాట్లాడింది సగం స్టెరాయిడేలే అమ్మా" అన్నాడు. మీటింగుందని పెట్టేశాడు. లాంతరు సంగతి వాడికి తెలీదు. పుట్టిందే వాడు, వాడికే చెప్పలేదు. చెబితే అదీ ఆ సగంలోదే అంటాడు.

మధ్యాహ్నం దాకా వాడిమీద కోపంగానే ఉన్నా. ఎంత తేలిగ్గా అనేశాడు! వంట కూడా సరిగ్గా చెయ్యలేదు, చారన్నం తిన్నా. తర్వాత అనిపించింది, వాడు పూనా నుంచి వచ్చేది శనివారాలు. గురు, శుక్రవారాలు మందు పనిచేసేది, శనివారానికి దిగిపోయేది. గోడవైపు తిరిగి పడుకుని, పలకరిస్తే కసిరే నాన్ననే వాడు చూశాడు. "టీవీ ఆపరా" అనడమే గానీ "ఎప్పుడొచ్చావురా" అనిపించుకోలేదు పాపం. కబుర్లు చెప్పే నాన్న వాడి వంతుకి రానే లేదు. ఎవరైనా పోతే ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారు అంటారు చూడండి, అలా అనడం మాకిద్దరికీ కుదరదు.

పోనీ, స్టెరాయిడే అనుకుందాం. మందు నిద్ర పోగొడుతుంది, షుగరు పెంచుతుంది, ముఖం ఉబ్బిస్తుంది. పడిపోయిన మునగచెట్టు దానికెలా తెలుస్తుంది? ఇలా అనుకుని సాయంత్రం కాస్త కుదుటపడ్డా. దీపం పెట్టుకున్నా. అంతలో ఇంకో అనుమానం. స్టేషను దాటేటప్పుడు గార్డు లాంతరు చూపించాలి, అటు స్టేషను వాళ్ళూ చూపించాలి, అంతా సవ్యంగా ఉందని. అది డ్యూటీ. ప్రతి స్టేషనులో ఊపేదే. మా ఇల్లు స్టేషను దాటగానే. అంటే ఆ రాత్రి రూలు ప్రకారం ఊపిన లాంతరునే, ఇరవై ఏడేళ్ళ తర్వాత నాకోసం ఊపినట్టు ఆయనకే అనిపించిందేమో. అబద్ధం చెప్పారని కాదు. అబద్ధం ఆడేంత మాటకారి కాదు.

ఒక్కటి తెలిస్తే తేలిపోతుంది. అప్పట్లో తెనాలిలో గూడూరు వైపు వెళ్ళే గూడ్సుకి స్టేషను వాళ్ళు ఏ పక్కన నించుని చూపించేవారు? మా ఇల్లున్న పక్కనా, అవతలా? అవతలైతే ఇటు ఊపడానికి రూల్లో పనిలేదు. ఆయనతో పనిచేసిన గార్డుగారు సత్యనారాయణపురంలోనే ఉన్నారు, ఎనిమిదింటికి ఫోను తీశా కూడా. ఎందుకమ్మా ఇప్పుడు అని అడిగితే ఏం చెప్పాలో తోచక మళ్ళీ పెట్టేశా.