నా టేపు ముందే చెప్పింది

తిరుపతి కొర్లగుంటలో 22 ఏళ్ళుగా బ్లౌజులు కుడుతున్నాను. ఎవరికి ఒళ్ళు ఎక్కడ పెరిగిందో, ఎక్కడ తగ్గిందో నా టేపుకు తెలుస్తుంది. నా ఒంటి సంగతీ మొదట అదే చెప్పింది.

మిషను తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగాయి. ఏటా అలిపిరి నుంచి నడిచి కొండెక్కడం నా మొక్కు. 3,550 మెట్లు. రెండేళ్ళ కిందట మోకాళ్ళ పర్వతం దగ్గర కూలబడిపోయాను. ఎవరో చెబితే ఒకాయన దగ్గర మాత్రలు తెచ్చుకున్నాను. తెల్ల కాగితం పొట్లం, పైన పేరు లేదు. ఆకు మందు అన్నాడు. మూడో రోజుకే నొప్పి పోయింది. దేవుడే ఆయన్ను చూపించాడనుకున్నాను.

పది నెలల్లో 61 కిలోల నుంచి 78కి వచ్చాను. ఆకలి ఆగేది కాదు, నిద్ర పట్టేది కాదు. మొహం గుండ్రంగా ఉబ్బింది. పొట్ట మీద వంకాయ రంగు చారలు లేచాయి. నడుము 5 అంగుళాలు పెరిగింది, కానీ బ్లౌజు చేతులు వదులయ్యాయి. మెడ కింద కొవ్వు ముద్దలా లేచి బ్లౌజు వెనక భాగం పైకి జరిగేది. తిండితో లావైన వాళ్ళను ఎంతమందిని కొలవలేదు నేను? వాళ్ళకు చేతులూ లావవుతాయి. నాకు చేతులు, తొడలు సన్నబడ్డాయి. కింద కూర్చుంటే ఊతం లేకుండా లేవలేకపోయేదాన్ని.

ఇదంతా చెబుదామనే ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. థైరాయిడ్ పరీక్ష నార్మల్ అని కాగితం చూసి, నన్ను చూడకుండానే అన్నాడు: "నోరు కట్టుకోండమ్మా. తినేది తినేసి హార్మోన్లంటారు." తలుపు తీసే ఉంది, బయట జనం విన్నారు. ఏం మందులు వాడుతున్నావని ఒక్క మాట అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నాకు ఆ రాత్రి వచ్చేది కాదు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే గుండె మండుతుంది. ఇంటికొస్తే మా అత్త కూడా, "కూర్చుని కుట్టేదానికి ఒళ్ళు రాక ఏమవుతుంది?" అనింది.

రోషం వచ్చింది. కార్తీక మాసం, ఉపవాసాలు మొదలుపెట్టాను. మాత్రలు కూడా ఒక్కసారిగా మానేశాను.

ఆరో రోజు రాత్రి వాంతులు. లేవబోతే కళ్ళు చీకట్లు కమ్మాయి. ఉపవాసం నీరసమని మా ఆయన మజ్జిగ పట్టాడు, అదీ కక్కేశాను. రెండింటికి ఆటోలో పడుకోబెట్టారు. దారిలో కొండ మీది దీపాలు కనబడుతుంటే, పెళ్ళీడు కూతురు గుర్తొచ్చి, "స్వామీ, ఇప్పుడే వద్దు" అని మాత్రం అనుకున్నాను. బీపీ 80 బై 50, షుగరు కూడా పడిపోయింది. డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. పొట్ట మీది చారలు చూసి అడిగింది: "అమ్మా, మోకాళ్ళకో ఆయాసానికో ఏమైనా మాత్రలు వాడి మానేశారా?" నాకు ఏడుపొచ్చింది. మావాడు బండి మీద పోయి పొట్లం తెచ్చాడు. ఆమె రక్తం తీయించి, రిపోర్టు కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షను ఇచ్చి, సెలైన్ పెట్టించింది. తెల్లారేసరికి మాట్లాడగలిగాను. నన్ను ఎత్తిపొడిచిన మా అత్త వరండాలో కూర్చుని పసుపు గుడ్డలో ముడుపు కట్టి ఉంది.

ఆ మాత్రల్లో స్టెరాయిడ్ ఉంది. కిడ్నీల పైన రెండు చిన్న గ్రంథులుంటాయి, కార్టిసాల్ అనే హార్మోను, అంటే ఒంటి సొంత స్టెరాయిడ్, తయారుచేసేవి అవే. ఆ రాత్రి ఇంజెక్షనులో ఇచ్చింది దాన్నే. బయటి నుంచి నెలల తరబడి స్టెరాయిడ్ పోస్తే అవి పని మానేస్తాయి. ఆపైన మందు ఒక్కసారిగా ఆపేస్తే ఒంట్లో ఏదీ మిగలదు. మళ్ళీ అవి పని మొదలుపెట్టేదాకా తొమ్మిది నెలలు ఆసుపత్రి వాళ్ళు రాసిన స్టెరాయిడ్ మాత్రలు మింగాను, కొంచెం కొంచెం తగ్గిస్తూ. జ్వరమొస్తే ఏం చేయాలో రాసిన కార్డు పర్సులో పెట్టుకున్నాను.

ఎక్కువ మందికి ఒళ్ళు తిండితోనూ కదలకుండా కూర్చోవడంతోనూ వస్తుందని డాక్టరమ్మే చెప్పింది, దాచలేదు. కానీ థైరాయిడ్ తగ్గినా, పీసీఓడీ అనే అండాశయాల సమస్య ఉన్నా, నిద్ర చాలకపోయినా, కొన్ని మానసిక జబ్బుల మందులతోనూ, ఇన్సులిన్‌తోనూ బరువు పెరగవచ్చట. మన దేశంలో ఆడవాళ్ళకు నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదంట. మా టేపులో 31.5 అంగుళాలు. మీరూ కొలుచుకోండి. ఏ మందు వాడుతున్నా డాక్టరుకు చెప్పండి, వాళ్ళు అడగకపోయినా సరే.

ఆ పొట్లాలాయన దగ్గరికి వెళ్ళి నిలదీశాం. "నొప్పి తగ్గిందా లేదా?" అన్నాడు. మావాడు ఫిర్యాదు రాసి ఇచ్చాడు.

ఇప్పుడు 67 కిలోలున్నాను. మోకాళ్ళు నొప్పి పుడతాయి, కొండ ఇంకా నడవలేదు.

పోయిన వారం ఒకామె బ్లౌజు కొలతకు వచ్చింది. మొహం గుండ్రంగా ఉంది, మెడ కింద టేపు పైకి లేచింది. "ఏమైనా మాత్రలు వాడుతున్నావా అక్కా?" అన్నాను. సంచిలోంచి తెల్ల పొట్లం తీసింది. ఒక్కసారిగా మానొద్దని చెప్పి, షాపు మూసి, పొట్లంతో సహా ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయాను.