వాడని బిట్ల మీద వాదన

రుషికొండ ఆఫీసులో ఏసీ సరిగ్గా పనిచేయక పొద్దుటి నుంచీ ఉక్కపోత. టీమ్‌లో కొత్తగా చేరిన శ్రీకాకుళం కుర్రాడు తను రాసిన లైనక్స్ డ్రైవర్ (పరికరాన్ని నడిపించే కోడ్) చూడమని పంపాడు. మా సెన్సర్ బోర్డుతో యూజర్ ప్రోగ్రాం మాట్లాడటానికి వాడే ఐఓసీటీఎల్ అనే కాల్ అందులోనే ఉంది. కోడ్ శుభ్రంగానే రాశాడు. ఒక్కటే నచ్చలేదు. ఆ కాల్‌తో పంపే స్ట్రక్ట్‌లో (కొన్ని విలువల్ని కలిపి కట్టిన మూట) ఫ్లాగ్స్, అంటే ఆన్/ఆఫ్ స్విచ్‌ల కోసం 32 బిట్లు పెట్టి, మూడు వాడుకుని, మిగతావి గాలికొదిలేశాడు.

"ఆ మిగతావాటిలో ఏదైనా ఆన్‌లో ఉంటే 'ఇది చెల్లదు' అనే ఈఇన్వాల్ ఎర్రర్ ఇచ్చి పంపెయ్" అన్నాను.

"ఏటక్కా, వాటితో మనకి పనే లేదు కదా?"

పని లేదు కాబట్టే! ఇప్పుడు ఊరుకుంటే ఎవరో ఒకరు మెమరీలో ఉన్న చెత్తతోనే స్ట్రక్ట్ పంపుతారు, అది పనిచేసేస్తుంది. రేపు నాలుగో బిట్‌కి మనం ఓ అర్థం ఇచ్చామో, ఆ ప్రోగ్రాం తేడాగా నడుస్తుంది. లైనక్స్‌లో ఈ విషయంలో మొహమాటాల్లేవు. కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, మారడం వల్ల పాత ప్రోగ్రాం ఆగిపోతే అది కెర్నల్ బగ్గే. అందుకని ఆ బిట్ ఇంక ఎప్పటికీ మనది కాదు.

ఫైల్ తెరవడానికి వాడే ఓపెన్ కాల్ సంగతి చెప్పాను. తెలియని ఫ్లాగ్ వస్తే అది పట్టించుకోదు. అంటే కొత్త ఫ్లాగ్ పంపినా పాత కెర్నల్ "నాకు రాదు" అనదు, మామూలుగా ఫైల్ తెరిచి చేతిలో పెడుతుంది. పేరులేని తాత్కాలిక ఫైళ్ల కోసం ఓ_టీఎంపీఫైల్ అనే ఫ్లాగ్ తెచ్చినప్పుడు అందుకే తిప్పలు పడ్డారు. అందులో పాత కెర్నల్‌కి ముందే తెలిసిన డైరెక్టరీ ఫ్లాగ్‌ని కూడా కలిపారు, పాత కెర్నల్ దగ్గర కచ్చితంగా ఎర్రర్ రావాలని. తెలివైన పనే, కానీ అంత తెలివి అక్కడ ఖర్చవ్వాల్సిన అవసరమేంటి? 2020లో 5.6 కెర్నల్‌తో ఓపెన్‌కి కొత్త రూపంగా ఓపెన్ఏట్2 వచ్చింది. తెలియని ఫ్లాగ్‌ని తిప్పికొడుతుంది, స్ట్రక్ట్ సైజు కూడా అడుగుతుంది కాబట్టి తర్వాత ఫీల్డులు చేర్చుకోవచ్చు. 2008లో పైప్2, డూప్3, యాక్సెప్ట్4 అనే కాల్స్ రావడానికీ కారణం ఇలాంటిదే. వాటి పాత రూపాల్లో ఫ్లాగ్స్ ఇవ్వడానికి చోటే లేదు.

వాడు పూర్తిగా ఒప్పుకున్నట్టు లేడు. భోజనానికి వెళ్లిపోయాం.

తర్వాత చూస్తే అదే స్ట్రక్ట్‌లో లాంగ్ రకం సంఖ్య ఒకటి ఉంది. 32 బిట్ ప్రోగ్రాంలో అది 4 బైట్లు, 64 బిట్ కెర్నల్‌లో 8, అంటే ఒకే స్ట్రక్ట్‌ని రెండూ రెండు రకాలుగా చదువుతాయి. పైగా ఫీల్డుల మధ్య ప్యాడింగ్, అంటే కంపైలర్ వదిలే ఖాళీ బైట్లు. దాన్ని సున్నా చేయకుండా యూజర్‌కి కాపీ చేస్తే కెర్నల్ స్టాక్‌లో (తాత్కాలిక మెమరీ) మిగిలిపోయిన బైట్లు బయటికి పోతాయి. ఇది సెక్యూరిటీ మాట కాబట్టి వాదించకుండా మార్చేశాడు. ఫ్లాగ్స్ దగ్గర మాత్రం అంత గొడవ! కనిపించే ప్రమాదానికి ఉన్న విలువ, పదేళ్ల తర్వాత వచ్చేదానికి ఉండదు మరి.

మద్దిలపాలెం జంక్షన్‌లో బస్సు ఇరుక్కున్నప్పుడు ఫోన్‌లో వాడి ప్యాచ్ (కోడ్ మార్పు) చూశాను. చెక్ పెట్టాడు. దాని మీద కామెంట్: "అక్క పెట్టమంది." తీసేసి కారణం రాయమనాలి. మిగిలిన 29 బిట్లనీ ఒక్కొక్కటే ఆన్ చేసి పంపే టెస్ట్ కూడా అడగాలి, మళ్లీ "ఏటక్కా" అంటాడు.