నీళ్ల సీసాలతో కొలిచిన దూరం

జైసల్మేరుకు నైరుతి దిక్కున థార్ ఎడారిలో అయిదు రోజులు కాలినడకన తిరిగి వచ్చి రెండు వారాలైంది. మేము ఇరవై ఇద్దరం నడిచాము. ముందు నడిచే గైడు ఒకరు, అందరికంటే వెనుక నడిచే ఆయన మేనల్లుడు ఒకరు, పరుపులనూ వంట సామగ్రినీ మోసే ఒంటెబండ్లు రెండు మా వెంట ఉన్నాయి. గైడుకు అరవై ఏళ్లు దాటి ఉంటాయి. అక్కడివారు పెద్దవారిని పిలిచే తీరులోనే మేమూ ఆయనను కాకాసా అని పిలిచాము.

వెళ్లేముందు నా మనసులో ఉన్న ఎడారి అంతా ఇసుకే. తీరా నడిచాక లెక్క వేసుకుంటే, అయిదు రోజుల్లో ఇసుక దిబ్బల మీద నడిచింది మూడో వంతు కూడా లేదు. మిగిలినదంతా గులకరాళ్లు పరచుకున్న చదును నేల, పసుపుపచ్చని బండలు, మోకాలెత్తు ముళ్లపొదలు, అక్కడక్కడా మన ఊళ్లలో కనిపించేలాంటి జిల్లేడు చెట్లు. ఇసుక దిబ్బను అక్కడివారు ధోరా అంటారు, రాతి మెట్టకు వారికి మగరా అనే వేరే మాట ఉంది. దిబ్బలెక్కి ఫొటోలు దిగడమే లక్ష్యమైనవారికి సాయంత్రం పూట జీపులో వెళ్లి రావడం చాలు, ఇంత దూరం నడవనక్కరలేదని నా అభిప్రాయం. నడిచేవారికి దక్కేది ఆ మూడింట రెండు వంతుల నేలే.

మొదటి సాయంత్రం కాకాసా చెప్పిన నియమాలు నాకు బడిపిల్లలకు చెప్పినట్టు అనిపించాయి. వరుసగా నడవాలి. అందరికంటే నెమ్మదిగా నడిచేవారు ఆయన వెనుకే ఉండాలి. ఆయనను ఎవరూ దాటకూడదు, మేనల్లుడి కంటే ఎవరూ వెనకబడకూడదు. దాహం వేసినా వేయకపోయినా అరగంటకొకసారి రెండు గుక్కలు తాగాలి. గంటకొకసారి అందరూ ఆగి బూట్లు విప్పి ఇసుక దులుపుకోవాలి. ఈ చివరి నియమాన్ని మొదటిరోజు మధ్యాహ్నం బద్ధకించిన నేను, సాయంత్రానికి రెండు మడమల మీదా బొబ్బలతో, ఎవరూ అడగకపోయినా అది ఎంత అవసరమో పక్కవారికి వివరిస్తూ కూర్చున్నాను.

రెండోరోజు ఒక మగరా మీదుగా వెళుతున్నప్పుడు ఆయన ఆగి, ఒక రాతిపలకను తిప్పి చూపించారు. అందులో బొటనవేలి గోరంత గవ్వల అచ్చులు కిక్కిరిసి ఉన్నాయి. జైసల్మేరు కోటకూ ఇళ్లకూ బంగారు రంగునిచ్చే రాయి జురాసిక్ కాలపు సముద్రంలో పేరుకున్న సున్నపురాయి. నడక మొదలయ్యే ముందురోజు మేము అకల్ అనే చోట చూసిన శిలాజ వృక్షాలు సుమారు 18 కోట్ల ఏళ్ల నాటివి. ఆ బోర్డు చదివినప్పుడు అంకె అంకెలాగే ఉండిపోయింది కానీ, చుక్క నీరు లేని నేల మీద నిలబడి గవ్వను వేలితో తడిమినప్పుడు మాత్రం ఒక్క క్షణం కాళ్ల కింద నేల కదిలినట్టయింది. నేను ఆ రాతిని సంచిలో వేసుకోబోతే ఆయన తల అడ్డంగా ఊపి, ఉన్నచోటే బోర్లా పెట్టించారు.

ఆ మధ్యాహ్నం ఆగిన చోట ఒంటరిగా ఒక చెట్టు ఉంది. నీడ పలచనే అయినా ఇరవై నలుగురమూ దాని కిందే సర్దుకున్నాము. ఖేజ్‌డీ అని ఆయన చెప్పారు. సన్నని ఆకులనూ ముళ్లనూ చూస్తూ చూస్తూ ఉండగా అది మన జమ్మి చెట్టేనని నాకు తట్టింది. దసరా నాడు ఆకు కోసి పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కే ఆ జమ్మే ఇక్కడ మేకలకు మేత, మనుషులకు కూర, పొయ్యికి కట్టె. దాని వేరు చాలా లోతుకు దిగి నీరు వెతుక్కుంటుంది కాబట్టి పొలం మధ్యలో ఉన్నా పైరుతో పోటీ పడదని, అందుకే రైతు దాన్ని కొట్టడని చెప్పారు. దాని లేత కాయలను ఎండబెట్టినదే సాంగ్రీ. ఆ రాత్రి భోజనంలో కైర్ అనే ఎడారి పొద కాయలతో కలిపి వండిన సాంగ్రీ కూరను బాజ్రా రొట్టెతో తిన్నాము.

మర్నాడు ఉదయం గులకరాళ్ల మైదానం దాటి ఒక మట్టికట్ట ఎక్కేసరికి, అవతల ఏపుగా పెరిగిన గోధుమ చేను కనిపించింది. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడని చోట గోధుమ ఎలా పండుతుందన్నది అక్కడ నిలబడితే తప్ప అర్థం కాని సంగతి. దీన్ని ఖడీన్ అంటారు. చుట్టూ ఉన్న రాతినేల వాన నీటిని ఇంకనివ్వదు. ఆ నీరంతా పల్లానికి పారి కట్ట దగ్గర నిలుస్తుంది, శీతాకాలానికి నేలలోకి ఇంకిపోతుంది, ఆ తేమ మీదే గోధుమో శనగో వేస్తారు. శతాబ్దాల కిందట పాలీవాల్ బ్రాహ్మణులు ఈ పద్ధతికి పేరుపడ్డారు. వారు విడిచి వెళ్లిన కుల్ధరా గ్రామాన్ని చూసే యాత్రికులు అక్కడి దయ్యాల కథలనే అడుగుతారు తప్ప ఈ కట్టల గురించి అడగరని కాకాసా కొంచెం నొచ్చుకున్నట్టుగానే అన్నారు. ఆయన నొచ్చుకోవడంలో న్యాయముంది.

నా తప్పు జరిగింది ఆ మధ్యాహ్నమే. చేను దాటాక నేల పూర్తిగా చదునుగా ఉంది. ఎదురుగా ఒక ఖేజ్‌డీ చెట్టు, దాని కిందే విశ్రాంతి అని చెప్పారు. మహా అయితే ఇరవై నిమిషాల నడక అనిపించింది. కాకాసా ఒకరి బూటు సరిచేస్తూ ఆగినప్పుడు, నేనూ మరొకాయనా ముందుగా వెళ్లి చేరుకుందామని బయలుదేరాము. అరగంట నడిచినా చెట్టు అంతే ఉంది. ఎడారిలో గాలి పొడిగా తేటగా ఉండడం వల్ల దూరపు వస్తువు స్పష్టంగా కనిపిస్తుంది, మధ్యలో ఇల్లూ స్తంభమూ ఏమీ లేనందువల్ల కంటికి కొలత దొరకదు. వెనక్కి తిరిగి చూస్తే మా బృందం లేదు. చదును అనుకున్న నేలలో తెలియకుండానే ఒక పల్లంలోకి దిగి ఉన్నాము. ఎటు చూసినా ఒకే రంగు, ఒకే పొదలు. భయం వేయలేదని రాయాలని ఉంది కానీ, వేసింది.

కాసేపటికి ఈల వినిపించింది. మా బూట్ల గుర్తులు పట్టుకుని వచ్చిన ఆయన కోప్పడలేదు. నీళ్ల సీసాలు చూపించమన్నారు. నాది దాదాపు ఖాళీ. చెట్టు చేరడానికి ఇంకా సగం సీసా కావాలి అని మాత్రం అని, తన సీసాలోంచి పోశారు. దూరం ఎంత అని అడిగితే ఆయన ఎప్పుడూ కిలోమీటర్లు చెప్పరని, అరసీసా, సీసా, సీసాన్నర అనే చెబుతారని అప్పుడు గమనించాను. ఆ మిగిలిన రోజంతా నేను, ఎవరూ చెప్పకుండానే, వరుసలో మేనల్లుడికి ముందు నడిచాను.

పెద్ద దిబ్బలు వచ్చింది నాలుగోరోజు. దిబ్బకు గాలి తగిలే వైపు వాలు తక్కువ, ఇసుక గట్టిగా ఉంటుంది. గాలి చాటు వైపు ఇసుక జారి జారి దాదాపు 34 డిగ్రీల వాలులో నిలుస్తుంది, అటు ఒక అడుగు వేస్తే అరడుగు వెనక్కి వస్తాము. అందుకే కాకాసా ఎప్పుడూ గట్టి వైపున ఎక్కి, శిఖరం అంచు వెంటే నడిపించేవారు. ఇసుక మీది సన్నని అలలను నమ్మి దిక్కు చెప్పకూడదని, అవి నిన్నటి గాలి రాసినవని, దిబ్బ మాత్రం ఏళ్ల తరబడి వేసవి నైరుతి గాలి కట్టినదని, అడగాలంటే దిబ్బనే అడగాలని అన్నారు. ముందువారి అడుగులో అడుగు వేస్తే ఇసుక అప్పటికే అణిగి ఉంటుంది కాబట్టి ఎంత శ్రమ తగ్గుతుందో, మొదటిరోజు నన్ను విసిగించిన ఆ వరుస ఎందుకో, నా పిక్కలు నాకు తెలియజెప్పాయి.

బట్టమేక పక్షిని చూడాలన్న కోరిక తీరలేదు. జైసల్మేరు, బాడ్మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న ఎడారి జాతీయ ఉద్యానవనం ముఖ్యంగా దాని కోసమే పేరు పొందింది. మన కర్నూలు ప్రాంతపు రోళ్లపాడులోనూ ఒకప్పుడు తిరిగిన పక్షి అది. ఇప్పుడు దేశం మొత్తం మీద రెండు వందల లోపే మిగిలింది. ఎదురుగా ఉన్నది సరిగా కనబడని కంటి అమరిక వల్ల, బరువైన ఆ పక్షి విద్యుత్ తీగలను చివరి క్షణంలో తప్పించుకోలేదు. రాత్రిపూట అంచున వరుసగా ఎర్రదీపాలు మిణుకుమనే గాలిమరలను చూసినప్పుడు, కాలుష్యం లేని కరెంటు గురించి నాకున్న తృప్తి కొంత తగ్గింది.

రాత్రులు మాత్రం చలి దంచేసింది. పగలు 25 డిగ్రీల దాకా వెళ్లిన వేడి, మబ్బూ తేమా లేని గాలిలో పట్టి ఉంచేదేమీ లేక చీకటి పడగానే ఆకాశంలోకి వెళ్లిపోతుంది. రెండు దుప్పట్లలో ముడుచుకుని, నడినెత్తిన పిల్లలకోడి చుక్కలను లెక్కపెట్టబోయి ఆరు దాకా వచ్చి నిద్రపోయేవాడిని.

ఆఖరి ఉదయం మా గుడారాల చుట్టూ ఇసుక మీద పేడపురుగు కుట్టిన దారం వంటి గీత, దాన్ని దాటి వెళ్లిన నక్క అడుగులు ఉన్నాయి. నక్క నా బూట్ల దగ్గర కాసేపు ఆగిందని కాకాసా చూపించి నవ్వారు. రోడ్డు మీద బస్సు ఆగి ఉంది. ఆయన ఊరు ఎటని అడిగితే దిబ్బల వైపు చేయి చాపారు. ఎంత దూరమని అడిగాను.

"నాకైతే సీసా అక్కరలేదు," అన్నారాయన. "నీకైతే రెండు."

ఆ మాట అని, ఖాళీ చేతులతో, గట్టి ఇసుక ఉన్న వైపు నుంచి దిబ్బ ఎక్కడం మొదలుపెట్టారు.