పొదుగువాపు, నైసిన్, నా ఎం.వి.ఎస్సీ. పని

యాంటీబయాటిక్ సూది వేసిన ఆవు పాలు రోజుల తరబడి పారబోయడం మా ఇంట్లో చూస్తూ పెరిగాను. అందుకే ఎం.వి.ఎస్సీ. (పశువైద్యంలో పీజీ)లో పొదుగువాపు మీద నైసిన్ పరీక్షిస్తానని పట్టుబట్టాను. పాలలో పెరిగే లాక్టోకాకస్ లాక్టిస్ అనే బ్యాక్టీరియా తయారుచేసే 34 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్ అది. ఛీజ్ పాడవకుండా కలుపుతారు, ప్యాకెట్ మీద ఇ234 అని ఉంటుంది.

శాంపిల్ తీయడమే సగం పని. తెల్లవారుజామున పాలు పితికే వేళకే వెళ్లాలి. "డాక్టరమ్మా, వెనక ఎడమ చన్ను ముట్టుకుంటే తంతుంది, జాగ్రత్త" అన్నాడు రైతు. స్పిరిట్ దూదితో చన్ను కొన తుడుస్తుంటే మూడో దూదికి గానీ మురికి ఆగలేదు. మొదటి ధారలు నల్ల పళ్లెంలోకి పితికితే విరిగిన పాలలాగా తరకలు కనిపించాయి. ఆ తర్వాతి ధారను సీసా వంచి పట్టుకుని, ఐస్ పెట్టెలో పెట్టుకుని ల్యాబ్‌కి పరుగు.

ఆ పాలలో స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే, పొదుగువాపు తెచ్చే బ్యాక్టీరియా దొరికింది. దాన్ని పెంచే ప్లేటులో గుంటలు చేసి నైసిన్ వేస్తే మర్నాటికి గుంట చుట్టూ పావలా బిళ్లంత తేట వలయం, అంటే అక్కడ బ్యాక్టీరియా పెరగలేదు! ఎగిరి గంతేసినంత పని చేశాను. మా గైడ్ గారు చూసి, "ఉత్త యాసిడ్ వేసిన గుంట ఏదమ్మా?" అన్నారు. నైసిన్‌ని పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కరిగించాను, చంపింది ఆ యాసిడే అయితే? రాత్రంతా టెన్షన్. మళ్లీ అంతా చేస్తే యాసిడ్ గుంట చుట్టూ ఏమీ లేదు, వలయం నైసిన్‌దే.

పొదుగువాపు తెచ్చే ఇంకో బ్యాక్టీరియా ఈ.కోలై ప్లేటులో మాత్రం వలయమే రాలేదు. నైసిన్ బ్యాక్టీరియా గోడ కట్టే లిపిడ్ టూ అనే ముడిసరుకును పట్టుకుని పొరకు కన్నాలు పెడుతుంది, కానీ ఈ.కోలైకి ఉన్న బయటి పొర దాన్ని అక్కడిదాకా రానివ్వదు. పాలలో కలిపి చూసినప్పుడు ఇంకో దెబ్బ, వెన్న ఉన్నచోట దాని బలం తగ్గుతుంది కాబట్టి మోతాదు పెంచాల్సి వచ్చింది.

"మందు ఎప్పుడిస్తావమ్మా?" అని రైతు అడిగితే, ప్లేటులో పనిచేసింది పొదుగులో పనిచేస్తుందని చెప్పలేనని ఉన్నమాట చెప్పాను. పాలు తీశాక చన్ను రంధ్రం మూసుకోవడానికి కొంత సమయం పడుతుంది, అరగంటైనా ఆవును పడుకోనివ్వొద్దన్నాను. మళ్లీ వెళ్లేసరికి, పాలు తీసిన వెంటనే ఆవు ముందు పచ్చగడ్డి మోపు విప్పుతున్నాడు.